బడిగోడ మీది లెక్క



మా ఊరి ప్రాథమిక పాఠశాల ఒకటే గది. నేను మూడో తరగతిలోకి వచ్చిన ఏడాది, అంటే 1992లో, వేసవి సెలవులయ్యాక బడికి వెళితే ఈ గోడ నుంచి ఆ గోడకి పురికొస కట్టి ఉంది. మేం గీసిన బొమ్మలు, ఆకులు అంటించిన కాగితాలు, రాసిన నాలుగు ముక్కలు మాస్టారు దండెం మీద బట్టల్లా దానికి వేలాడదీసేవారు. అంతవరకు మాకు బడంటే ఎక్కాలు అప్పజెప్పడం, పలక మీద దిద్దడం. ఆ ఏడాది నుంచి గుంపులుగా కూర్చోబెట్టి చింతగింజలతో కూడికలు చేయించారు. చెరువుగట్టుకి తీసుకెళ్లి, చూసింది వచ్చి చెప్పమన్నారు. నా కాగితం పురికొసకి ఎక్కిన రోజు మా అమ్మని పొయ్యి దగ్గర నుంచి లేపి బడిదాకా లాక్కొచ్చి చూపించాను.

మాస్టారు అప్పుడప్పుడు టీచర్స్ సెంటర్లో సమావేశానికి వెళ్లొచ్చేవారు. ఎక్కడికని ఎవరైనా అడిగితే ‘ఏపీపీఈపీ మీటింగు’ అనేవారు. మాకది ఏదో మంత్రంలా వినపడేది. అది ఆంధ్రప్రదేశ్ ప్రైమరీ ఎడ్యుకేషన్ ప్రాజెక్టు అని, బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటుతో నడిచిందని, 1980లలో కొన్ని బడుల్లో ప్రయోగంగా మొదలై 1989 నుంచి రాష్ట్రంలో విస్తరించిందని నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాక, ఒక పాత నివేదిక చేతికి వచ్చినప్పుడు. పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించాలన్నది ఆ ప్రాజెక్టు పెట్టుకున్న ఆరు సూత్రాల్లో ఒకటట. మా పురికొసకి రెండో కొస లండన్‌లో ఒక ఫైలుకి కట్టి ఉందన్నమాట.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. డబ్బు వాళ్లది కాబట్టి ఆ ఫైలులో ఏముందో బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లకి తెలియాలి, అందులో సందేహం లేదు. మరి మా బడికి ఏం రావాలో, ఏం వచ్చిందో మా అమ్మకి గానీ, సర్పంచికి గానీ, ఆఖరికి మా మాస్టారికి గానీ ఎవరూ చెప్పలేదే! గ్రాంటుకి సొంతదారులు ఇద్దరు. ఎవరి జేబులోంచి వచ్చిందో వాళ్లు ఒకరు, ఎవరి పేరు చెప్పి ఇచ్చారో వాళ్లు ఒకరు. లెక్క ఇద్దరికీ అప్పజెప్పాలి. అంతర్జాతీయ అభివృద్ధి కోసం, పరిశోధన కోసం ప్రభుత్వాలు ఇచ్చే గ్రాంట్ల వివరాలు బయటపెట్టడమన్న పని గడిచిన పాతికేళ్లలో చాలా ముందుకు వెళ్లింది. కానీ ఆ వెల్లడి అంతా దాదాపుగా మొదటి సొంతదారు కోసమే జరిగింది. రెండోవారి మాట ఎత్తుదామని ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముందు ఇచ్చేవాళ్ల ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. బ్రిటన్ ఈ విషయంలో దెబ్బ తిని నేర్చుకున్న దేశం. ఆ దెబ్బ పేరు పెర్గావ్.

మలేషియాలో కెలంతాన్ రాష్ట్రంలో పెర్గావ్ అనే నది ఉంది. దాని మీద 600 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టడానికి బ్రిటన్ సహాయ నిధి నుంచి 23 కోట్ల 40 లక్షల పౌండ్లు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంతవరకు ఒక్క ప్రాజెక్టుకి ఆ నిధి నుంచి అంత డబ్బు వెళ్లలేదు. మాట ఇచ్చేనాటికి చెప్పిన నిర్మాణ వ్యయం కొద్ది వారాల్లోనే అమాంతం పెరిగింది. సహాయ విభాగంలోని ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి చూశారు. అదే కరెంటు గ్యాస్‌తో తీస్తే చవక, ఈ ఆనకట్ట వల్ల మలేషియా ప్రజలే ఏళ్ల తరబడి కరెంటుకి ఎక్కువ చెల్లించుకోవాలి అని తేల్చారు. 1991లో ఆ విభాగానికి కార్యదర్శిగా ఉన్న టిమ్ లాంకెస్టర్, ఇది ప్రజల సొమ్ముని సవ్యంగా వాడడం కాదని తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేశారు. అయినా మంత్రులు ఇవ్వమని ఉత్తర్వు ఇచ్చారు.

బ్రిటన్ పరిపాలనలో ఒక మంచి పద్ధతి ఉంది. శాఖ ఖర్చుకి బాధ్యుడైన అధికారి ‘ఈ ఖర్చు తగదు’ అనుకున్నప్పుడు మంత్రి నుంచి రాతపూర్వక ఆదేశం అడగవచ్చు. ఆదేశం వస్తే అమలు చేయాల్సిందే. కాకపోతే ఆ కాగితాలు ఆడిటర్ జనరల్ దాకా వెళతాయి. పెర్గావ్‌లో అదే జరిగింది. 1993 అక్టోబరులో జాతీయ ఆడిట్ కార్యాలయం నివేదిక వచ్చింది. పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం విచారణకి కూర్చుంది. అప్పుడు అసలు కథ బయటపడింది. 1988లో రక్షణ మంత్రి మలేషియాతో ఒక ఒప్పందపత్రం మీద సంతకం చేశారు. సుమారు 100 కోట్ల పౌండ్ల ఆయుధాల కొనుగోలు గురించి మాట్లాడుతూ, అభివృద్ధి సహాయాన్ని దానితో ముడిపెట్టారు. పేదరికం మీద ఖర్చు కావలసిన సొమ్ము తుపాకుల బేరానికి కొసరుగా వెళ్లింది. వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే ప్రజాసంస్థ హైకోర్టుకి వెళ్లింది. అభివృద్ధిని పెంపొందించడానికి మాత్రమే సహాయం ఇవ్వవచ్చని చట్టం చెబుతోంది, ఆర్థికంగా నిలబడని ప్రాజెక్టు అందులోకి రాదు, కాబట్టి ఈ సహాయం చట్టవిరుద్ధం అని 1994 నవంబరు 10న తీర్పు వచ్చింది.

అధికారులుగా పనిచేస్తున్న శ్రోతలు ఎవరైనా ఉంటే ఒక మాట. ఇంత పెద్ద తీర్పుకి మూలం నోట్ ఫైల్లో ఒక మనిషి తన పేరుతో రాసిన అభ్యంతరం. ఆయన నోటిమాటగా చెప్పి ఊరుకుని ఉంటే ఆడిటర్‌కి దొరికేది కాదు, కోర్టుకి చేరేది కాదు. మనం వెల్లడి అన్నప్పుడు అంకెలే గుర్తొస్తాయి. ఎవరు వద్దన్నారు, ఎవరు ఇవ్వమన్నారు అన్నది కూడా లెక్కలో భాగమే.

1997లో బ్రిటన్ సహాయానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. దాన్నే మన దగ్గర డీఎఫ్‌ఐడీ అనేవారు. పేదరికం తగ్గించడమే ఇలాంటి సహాయం లక్ష్యంగా ఉండాలని 2002లో చట్టం చేశారు. ఆ శాఖ 2020లో విదేశాంగ శాఖలో కలిసిపోయింది గానీ, దాని చేతుల మీదుగా మొదలైన ఒక పని నిలిచింది. 2008 సెప్టెంబరులో ఘనా రాజధాని అక్రాలో సహాయం ఇచ్చే దేశాలు, తీసుకునే దేశాలు సమావేశమయ్యాయి. ఎవరికి వాళ్లు ఇష్టమొచ్చిన పద్ధతిలో లెక్కలు చెబుతుంటే ఒకరిది ఒకరికి సరిపోవడం లేదు, అందరం ఒకే నమూనాలో ప్రచురిద్దాం అన్న ఆలోచనకి అక్కడ రూపం వచ్చింది. 2011లో ఆ నమూనా ఖాయమైంది. ఈ ప్రయత్నం పేరు అంతర్జాతీయ సహాయ పారదర్శకతా కార్యక్రమం. ఇవాళ వెయ్యికి పైగా ప్రభుత్వాలు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు తమ ప్రాజెక్టుల వివరాలు ఆ నమూనాలో పెడుతున్నాయి. బ్రిటన్ ఆ లెక్కల్ని సామాన్యులు చూసేలా 2013 నుంచి డెవ్‌ట్రాకర్ అనే వేదికలో ఉంచుతోంది.

దాంట్లో ఒక ప్రాజెక్టు తెరిస్తే ఏం కనపడుతుంది? పేరు, ఉద్దేశం, దేశం, మొదలైన తేదీ, ముగిసే తేదీ, ఎవరి ద్వారా ఇస్తున్నారు, ఎంత బడ్జెట్టు. ఏటా వేసే సమీక్ష నివేదిక కూడా ఉంటుంది. అందులో ప్రాజెక్టు ఎలా సాగుతోందో మార్కులు వేస్తారు, తప్పులుంటే రాస్తారు. ఇది చిన్న విషయం కాదు. తన ప్రాజెక్టు అనుకున్నట్టు నడవడం లేదని ఒక ప్రభుత్వం తన చేత్తో రాసి జనం ముందు పెట్టడం మన తరం చూసిన గొప్ప మార్పుల్లో ఒకటని నేను నమ్ముతాను.

ఆ నమూనాలో నాకు బాగా నచ్చింది మరొకటి ఉంది. డబ్బుని ఒక్క అంకెగా చూపించరు. ఇస్తామని మాటిచ్చింది వేరు, విడుదల చేసింది వేరు, ఖర్చయింది వేరు. మన ఎంపీడీవో ఆఫీసులో పనిచేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మంజూరుకీ విడుదలకీ మధ్య ఒక ఏడాది, విడుదలకీ బిల్లు పాసవడానికీ మధ్య ఇంకో ఏడాది జారిపోవడం, చివరికి మార్చి నెలలో యూసీలు, అంటే ఖర్చయినట్టు ధ్రువపత్రాలు, పంపమని ఒత్తిడి రావడం అందరూ పడిన బాధే. పత్రికల్లో పెద్దక్షరాలతో వచ్చేది ఎప్పుడూ మాటిచ్చిన అంకె. ఊరికి కావలసింది ఖర్చయిన అంకె. ఆ రెండింటినీ పక్కపక్కన చూపించడమే సగం నిజాయితీ.

మిగతా సగం ఎక్కడ ఆగిపోతుందంటే, చేతులు మారే చోట. బ్రిటన్ ఒక పెద్ద సంస్థకి ఇస్తుంది. అది రాజధానిలో ఉన్న మరో సంస్థకి ఇస్తుంది. అది జిల్లాలో ఇంకొకరికి ఇస్తుంది. మొదటి చెయ్యి స్పష్టంగా కనపడుతుంది, రెండో చెయ్యి మసకగా కనపడుతుంది, మూడోది తరచు కనపడనే కనపడదు. కనపడేదంతా ఇంగ్లీషులో కనపడుతుంది. బోరింగు వేయించుకున్న పల్లెలో నిలబడి ఆ బోరింగు ఖరీదెంతో తెలుసుకోవడానికి ఆ పల్లె మనిషికి దాదాపు దారి లేదు.

దారి వేయవచ్చని చూపించిన దేశం ఒకటుంది. ఉగాండా. ఇది గ్రాంటు తీసుకునే దేశం. అక్కడి కథ నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

ఉగాండాలో కేంద్ర ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకి పిల్లవాడికి ఇంతని తలసరి గ్రాంటు పంపేది. సుద్దముక్కలు, పుస్తకాలు, బడికి కావలసిన సామాను కొనుక్కోవడానికి. డబ్బు జిల్లా అధికారులకి వెళ్లి, అక్కణ్ణుంచి బడికి వెళ్లాలి. ఖజానా పుస్తకాల్లో అంతా సవ్యంగా ఉంది. విడుదలైంది, జమైంది. కానీ బడుల్లో పరిస్థితి ఏమీ మారడం లేదు. 1996లో రిత్వా రెయినిక్కా, యాకోబ్ స్వెన్సన్ అనే ఆర్థికవేత్తలు ఉన్న ప్రపంచబ్యాంకు బృందం, ప్రభుత్వం సాయంతో 250 బడులకి వెళ్లి, అక్కడి పుస్తకాలు తీసి, పైనుంచి పంపిన లెక్కతో పోల్చింది. 1991 నుంచి 1995 దాకా పంపిన తలసరి గ్రాంటులో సగటున బడికి చేరింది 13 శాతం. నూటికి పదమూడు! ఎక్కువ బడులకి అసలేమీ రాలేదు. పిల్లల తల్లిదండ్రులు బాగా బతికిన ఊళ్లలో బడికి కాస్త ఎక్కువ చేరింది. పేద ఊళ్లకి మరీ తక్కువ. అడగగలిగినవాడికే అందింది.

ఆ తర్వాత ప్రభుత్వం చేసిన పని చూడండి. కొత్త తనిఖీ శాఖ పెట్టలేదు. ఏ జిల్లాకి ఈ నెల ఎంత పంపామో పత్రికల్లో వేయించడం మొదలుపెట్టింది. న్యూ విజన్, మానిటర్ అనే పెద్ద ఇంగ్లీషు పత్రికల్లో వేశారు. ఆ ప్రాంతాల సొంత భాషల్లో వచ్చే పత్రికల్లోనూ వేశారు. రేడియోలో చదివారు. ప్రతి బడీ తనకి వచ్చిన డబ్బు ఎంతో అందరికీ కనపడేలా నోటీసు అంటించాలని నియమం పెట్టారు. అంతే. ఒక హెడ్మాస్టరు పత్రిక చూసి, ‘మా జిల్లాకి ఇంత వచ్చిందట, పిల్లల లెక్కన మా బడికి ఇంత రావాలి, ఏదీ?’ అని జిల్లా కేంద్రానికి వెళ్లి అడగగలిగాడు. ఆయన బడికి వచ్చి గోడకి నోటీసు అంటిస్తే ఊళ్లో తల్లి ఆయన్ని అడగగలిగింది. 2001 నాటికి బడులకి చేరుతున్నది 80 శాతం దాటింది. పత్రిక దొరికే ఊరికి దగ్గరగా ఉన్న బడుల్లో హెడ్మాస్టర్లకి గ్రాంటు నియమాలు బాగా తెలుసు, డబ్బు రాబట్టుకోవడంలోనూ వాళ్లు ముందున్నారు అని కూడా ఆ పరిశోధకులు తేల్చారు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మార్పంతా పత్రికల వల్లే రాలేదని తర్వాత కొందరు వాదించారు. అదే కాలంలో 1997 నుంచి ఉచిత ప్రాథమిక విద్య వచ్చింది, విద్యాశాఖ డబ్బు పంపే తీరు మారింది, దాతల ఒత్తిడి పెరిగింది. ఆ వాదనలో బలం ఉంది. వెల్లడి ఒక్కటే దొంగతనాన్ని ఆపదు. అడిగిన హెడ్మాస్టరుకి జవాబు చెప్పక తప్పని పైఅధికారి ఒకడుండాలి. కానీ అడగడానికి అంకె కావాలి. అంకె లేకుండా వెళ్లినవాణ్ణి ‘ఇంకా రాలేదు పో’ అని పంపేయడం ఎంత తేలికో మనందరికీ తెలుసు.

మన నేల మీదికి వద్దాం. మా బడి ప్రాజెక్టు 1996లో ముగిసింది. ఆ తర్వాత బ్రిటన్ డబ్బు మన దగ్గర గట్టిగా వచ్చింది 1999లో. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల పథకం, ఏపీఆర్‌ఎల్‌పీ. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం, ఈ ఐదు కరువు జిల్లాల్లో వాటర్‌షెడ్లకి, వాటి చుట్టూ బతుకుతెరువులకి 4 కోట్ల 55 లక్షల పౌండ్ల గ్రాంటు. ఆ జిల్లాల్లో పాతవాళ్లకి ఆ రోజుల కందకాలు, చెక్‌డ్యాములు, పొదుపు సంఘాల సమావేశాలు గుర్తుండే ఉంటాయి. వాటర్‌షెడ్ ఊళ్లలో గోడ మీద పని పేరు, అంచనా విలువ రాసేవారు. అక్కడక్కడా సున్నం వెలిసి అక్షరాలు ఇంకా కనపడతాయి. ఆ గోడరాతని నేను చాలా గౌరవిస్తాను. కంప్యూటర్లో పెట్టిన వెయ్యి పేజీలకన్నా రచ్చబండ దగ్గర కనపడే నాలుగు పంక్తులు ఆ ఊరికి ఎక్కువ పనికొస్తాయి.

అదే కాలంలో ఉమ్మడి మెదక్ జిల్లా ఆల్గోల్ గ్రామంలో ఇంకో సంగతి జరిగింది. 2001లో ‘ప్రజాతీర్పు’ అని పేరు పెట్టి చిన్న, సన్నకారు రైతులని జ్యూరీగా కూర్చోబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్లు, చాలామంది దళితులు. రాష్ట్రం విజన్ 2020 పత్రంలో పెట్టుకున్న వ్యవసాయ భవిష్యత్తుని వాళ్ల ముందు ఉంచారు. ప్రభుత్వం తరఫువాళ్లు, కంపెనీలవాళ్లు, శాస్త్రవేత్తలు వచ్చి సాక్ష్యం చెప్పారు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి. సావంత్ అధ్యక్షుడిగా పర్యవేక్షణ సంఘం ఉంది. భూమి మీద ఆధారపడినవాళ్లని నూటికి 70 నుంచి 40కి తగ్గిస్తామన్న మాట ఆ రైతులకి మింగుడుపడలేదు. మా విత్తనం, మా పంట, మా ఊరి నిర్ణయం మా చేతిలో ఉండాలన్నారు. ఆ పత్రం వెనక నిలిచిన రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద ఎత్తున సాయం చేస్తున్న దేశం బ్రిటన్. తమ పేరు మీద వస్తున్న గ్రాంటు గురించి తీసుకునేవాళ్లే నోరు విప్పి తీర్పు చెప్పడం అది. ఇంగ్లండ్‌లోని రెండు పరిశోధన సంస్థలు దాన్ని 2002లో నివేదికగా ప్రచురించాయి. దిల్లీలో ఉన్న డీఎఫ్‌ఐడీ కార్యాలయం ఆ నివేదిక పద్ధతి మీద అభ్యంతరం చెప్పింది. ఆ సంస్థలు కూడా డీఎఫ్‌ఐడీ నిధులు అందుకునేవే కావడంతో అక్కడ పెద్ద చర్చ నడిచింది. జ్యూరీ చెప్పిన ప్రతి మాటతో మీరు ఏకీభవించక్కర్లేదు. కానీ పరిశోధనకి గ్రాంటు ఎవరిచ్చారో చెప్పి తీరాలని నేను అనడానికి ఆ ఉదంతమే కారణం. ఆ సంగతి ముందే తెలిస్తే, ఆ నివేదిక రాయడానికి ఎంత తెగువ కావాలో కూడా తెలుస్తుంది.

పరిశోధన మాట వచ్చింది కాబట్టి అమెరికా గురించి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ప్రతి గ్రాంటూ, కాంట్రాక్టూ జనం వెతుక్కునేలా పెట్టాలని అక్కడ 2006లో చట్టం వచ్చింది. దాని విలువ మనకి 2025 ఫిబ్రవరిలో తెలిసింది. భారత్‌లో ఓటింగ్ పెంచడానికి ఇవ్వవలసిన 2 కోట్ల 10 లక్షల డాలర్లు రద్దు చేశామని అమెరికా ప్రభుత్వ విభాగం ఒకటి ప్రకటించింది. దేశమంతా దుమారం లేచింది. ఒక ఆంగ్ల దినపత్రిక విలేకరులు ఆ బహిరంగ రికార్డులు తీసి చూస్తే ఆ గ్రాంటు 2022లో బంగ్లాదేశ్ కోసం మంజూరైందని తేలింది. రికార్డు అందుబాటులో లేకపోతే ఆ రోజు గట్టిగా అరిచినవాడి మాటే నిజమయ్యేది.

అదే నెలలో రెండో పాఠం కూడా వచ్చింది. విదేశీ సహాయాన్ని ఆపేసిన అమెరికా ప్రభుత్వం, 1961 నుంచి నడుస్తున్న తన సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ వెబ్‌సైటుని కట్టేసింది. దశాబ్దాల ప్రాజెక్టు నివేదికలు దాచిన దాని గ్రంథాగారం అందకుండా పోయింది. 1984 నుంచి 90కి పైగా దేశాల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద 400కి పైగా సర్వేలు జరిపిన కార్యక్రమం ఆగిపోయింది. చాలా పేద దేశాలకి తమ పిల్లల్లో ఎంతమంది అయిదేళ్లు దాటుతున్నారో చెప్పే అంకె ఆ సర్వేలదే. గ్రంథాలయాలవాళ్లు, పరిశోధకులు హడావుడిగా ప్రతులు తీసి దాచవలసి వచ్చింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 1992–93లో యూఎస్ఎయిడ్ గ్రాంటుతోనే మొదలైంది. అయితే దాన్ని నడిపేది ముంబైలోని మన జనాభా అధ్యయన సంస్థ. నివేదికలు ఇక్కడున్నాయి. అందుకే వాషింగ్టన్‌లో మీట నొక్కితే మన అంకెలు ఆరిపోలేదు. ఇచ్చినవాడి ఇంట్లో మాత్రమే ఉన్న లెక్క ఇచ్చినవాడి దయ మీద ఉన్న లెక్క. దాని ప్రతి తీసుకున్నవాడి ఊళ్లోనూ ఉండాలి.

ఇంతసేపూ బయటిదేశాల తలుపులు తట్టాను. మనం కూడా ఇప్పుడు ఇచ్చే దేశమే. 1964 నుంచి విదేశీయులకి ఐటెక్ పేరుతో శిక్షణ ఇస్తున్నాం. 2025–26 కేంద్ర బడ్జెట్టులో ఒక్క భూటాన్‌కే 2,150 కోట్ల రూపాయలు కేటాయించాం. దేశాలవారీగా మొత్తాలు విదేశాంగ శాఖ పద్దుల్లో కనపడతాయి. ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చే రుణాల పట్టికలో దేశం, మొత్తం, ఉద్దేశం ఉంటాయి. అది మంచిదే. అక్కడితో ఆగకుండా ఏ పనికి ఎంత విడుదల చేశాం, అది ఎక్కడిదాకా వచ్చింది, ఎవరు సమీక్షించారు అన్నది ఒక్కో ప్రాజెక్టుకీ విడివిడిగా చెప్పాలని నేను కోరుతున్నాను. బ్రిటన్‌ని అడిగిన ప్రశ్న మనల్ని మనం అడగకపోతే ఎలా? ఇక విదేశాల నుంచి విరాళాలు తీసుకునే మన స్వచ్ఛంద సంస్థలు మూడు నెలలకోసారి ఎవరి దగ్గర ఎంత తీసుకున్నదీ బహిరంగంగా చెప్పాలన్న నియమం ఉండేది. 2022 జులైలో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఆడిట్ అయిన లెక్క ఏడాదికోసారి పెడితే చాలు. సంస్థల మీద కాగితాల బరువు తగ్గిందనేవాళ్లున్నారు. ఆ బరువు మోయడం కష్టమే, కానీ ఆ తీసివేత నాకు బాధ కలిగించింది. ఏడాది గడిచాక తెలిసే లెక్క చరిత్రకి పనికొస్తుంది, పని జరుగుతున్నప్పుడు అడగడానికి పనికిరాదు.

బయటపెట్టకూడనివి కూడా కొన్ని ఉంటాయి. నిర్బంధం ఉన్న దేశాల్లో పనిచేసే కార్యకర్తల పేర్లు, చికిత్స పొందిన మనిషి వివరాలు, ఇవి దాచవలసినవే. ఆ జాగ్రత్త పేరు చెప్పి కల్వర్టు ఖరీదు దాచడం మాత్రం కుదరదు.

మన సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. దానిలో నాలుగో సెక్షను నాకు ప్రాణం. ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన బడ్జెట్టు, ఖర్చు, సబ్సిడీ ఎవరికి ఎంత ఇచ్చిందీ బయటపెట్టాలని అది చెబుతుంది. అక్కడితో ఆగదు. ఆ సమాచారాన్ని స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిలో చెప్పాలంటుంది. నోటీసుబోర్డులు, పత్రికలు, దండోరా లాంటి బహిరంగ ప్రకటనలు, ప్రసార మాధ్యమాలు అని దారులు కూడా చూపిస్తుంది. ఉగాండా బడిగోడకీ మన చట్టానికీ మధ్య దూరం చాలా తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకి 2006 నుంచి చేసిన సామాజిక తనిఖీ ఆ దారిలోదే. ఊళ్లో కుర్రాళ్లే మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ‘నీ పేరు మీద ఇన్ని రోజులు పని, ఇంత కూలి రాసి ఉంది, నిజమేనా?’ అని అడిగారు. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. చదువు రాని ముసలమ్మ కూడా తన లెక్క తాను విన్నది. గ్రాంటు ప్రపంచబ్యాంకుదైనా, బ్రిటన్‌దైనా, మన ఖజానాదైనా ఆఖరి మజిలీలో లెక్క చెప్పవలసిన తీరు అదీ.

మీ ఊరి బడికో, ఆస్పత్రికో, చెరువుకో ఏదైనా విదేశీ సహాయం వచ్చిందని విన్నారనుకోండి. తెల్లకాగితం మీద తెలుగులో రాయండి. ఆ సాయం ఎవరిచ్చారు, ఎంత మంజూరైంది, ఏ తేదీన ఎంత విడుదలైంది, ఎవరెవరి చేతుల మీదుగా వచ్చింది, ఎంత ఖర్చయింది, ఒప్పంద పత్రం, ముగింపు నివేదిక నకళ్లు ఇవ్వండి అని అడగండి. మన తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికైతే దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబుని ఇంట్లో పెట్టుకోకుండా ఒక నకలు తీసి బడిగోడకి అంటించండి.